అనుభూతి అధికారి

మా చిలకలమిట్ట నగర పంచాయతీ ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంటుని. పేరు యల్లమంద. ఇంటిపన్ను, కుళాయి కనెక్షన్లు, కుక్కల బెడద నా సెక్షన్ కిందికి వస్తాయి. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం కమలాకర్ అనే ఆయన భార్య సుహాసినిని వెంటబెట్టుకుని నా టేబుల్ ముందుకొచ్చాడు. పాత సినిమా హాలు వీధిలో ఇల్లు కొనుక్కున్నామని, కుళాయి తమ పేరు మీదికి మార్చాలని అన్నాడు.

"ఇంతకుముందు యాడ ఉండేవాళ్ళు?" అని అడిగాను.

"హైదరాబాదండీ."

"ఇక్కడికి బదిలీనా?"

"కాదు. ఉండటానికే వచ్చాం."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. మా ఊరికి మనుషులు బదిలీ మీద వస్తారు, పెళ్ళిళ్ళకి వస్తారు, గొర్రెల సంతకి వస్తారు. ఊరికే ఉండటానికి వచ్చినవాళ్ళని నా సర్వీసులో చూడలేదు. ఏదైనా కేసులో ఇరుక్కుని వచ్చారేమోనని ఇద్దర్నీ ఎగాదిగా చూశాను. దొంగల్లా లేరు. బాగా నిద్ర చాలని మనుషుల్లా ఉన్నారు.

కమలాకర్‌ది కంప్యూటర్ ఉద్యోగమట, ఎక్కడ కూర్చునైనా చేసుకోవచ్చట. సుహాసిని పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసేదట. "ఒకే ఇంట్లో ఉంటూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం సార్. ఆవిడ వచ్చేసరికి నేను నిద్ర, నేను లేచేసరికి ఆవిడ బస్సులో" అన్నాడాయన నవ్వుతూ.

సుహాసిని మాత్రం నవ్వలేదు. పని మాట చెప్పింది. "ఒకసారి ఇక్కడ వైద్య శిబిరానికి వచ్చాను. పక్షవాతం వచ్చినవాళ్ళు వ్యాయామం కోసం ఒంగోలు దాకా బస్సులో పోతున్నారు. వ్యాయామానికన్నా బస్సు ఎక్కి దిగడానికే ఎక్కువ బాధపడుతున్నారు. మా ముందుగదిలో రెండు బల్లలేసి నేనే చేయిస్తాను."

సంతోషమేనని చెప్పి, కుళాయి కాగితాలు పట్టుకుని మా కమిషనర్ పరాంకుశరావు గారి గదిలోకి వెళ్ళాను. విషయం వినగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. జెండా వందనం నాడు తప్ప ఆయన అలా లేవడం నేనెప్పుడూ చూడలేదు.

"హైదరాబాదు నుంచే? స్వచ్ఛందంగానే? ఎవరి బలవంతమూ లేకుండానే?"

"అవున్సార్."

"దొరికారయ్యా!" అన్నారు.

అసలు సంగతేమిటంటే, అప్పటికి కొద్దికాలం ముందే రాష్ట్ర కార్యాలయం నుంచి 'ప్రతివలస ప్రోత్సాహక పథకం' అని ఒకటి వచ్చింది. మహానగరాల్లో ఊపిరాడని జనం చిన్న పట్టణాలకి తిరిగి రాబోతున్నారనీ, వచ్చినవారికి 'స్వచ్ఛమైన గ్రామీణానుభూతి' కల్పించవలసిన బాధ్యత స్థానిక సంస్థలదేననీ అందులో రాశారు. ఏ పట్టణంలో అనుభూతి లోపం లేకుండా ఉంటుందో దానికి 'ప్రశాంత పట్టణం' అనే బిరుదు ఇస్తారు. ఆ పట్టణం కమిషనర్‌కి రాష్ట్ర కార్యాలయంలో కుర్చీ ఇస్తారు. బిరుదు సంగతి పరాంకుశరావు గారికి గుర్తుందో లేదో గానీ, కుర్చీ సంగతి మాత్రం కంఠస్థం చేశారు.

"ప్రతి ప్రతివలస కుటుంబానికీ ఒక అనుభూతి అధికారిని నియమించవలెను. యల్లమందా, ఇందుమూలముగా నువ్వే" అన్నారు.

"సార్, నాకు కుక్కల బెడద ఉంది."

"దాన్ని కూడా అనుభూతిలో కలుపుకో."

"మరి కుళాయి పేరు మార్చమంటారా?"

ఆయన నావైపు జాలిగా చూశారు. "నగరంలో కుళాయి తిప్పి తిప్పి విసిగి వేసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ కుళాయా? ఉన్నది కూడా తీసెయ్."

తీసేశాం.

ఆ తర్వాత పరాంకుశరావు గారూ నేనూ ఊరంతా తిరిగి గ్రామీణతని తనిఖీ చేశాం. ఫలితం నిరాశాజనకంగా ఉంది. కాలవ గట్టు మీద బేకరీ ఉంది. బస్టాండులో సెల్‌ఫోన్ల దుకాణాలు, పక్కన కుర్రాళ్ళు కండలు పెంచుకునే జిమ్ము. నాటుకోడి అనేది ఊళ్ళో ఎవరింట్లోనూ లేదు, అందరూ బ్రాయిలరే. ఎద్దు కనబడి ఎన్నేళ్ళయిందో ఎవరూ చెప్పలేకపోయారు.

"మనమే ఇంత నగరంగా ఉంటే నగరంవాళ్ళు ఏం చూసి మురిసిపోతారయ్యా?" అని పరాంకుశరావు గారు బాధపడి, మర్నాటి నుంచే 'సవరణ చర్యలు' మొదలుపెట్టారు.

బేకరీ అద్దాలకి తాటాకులు కట్టించారు. జిమ్ముకి 'తాలింఖానా' అని బోర్డు రాయించారు. సినిమా హాలు వీధిలోకి మోటారు సైకిళ్ళు రాకూడదన్నారు. కోడికూతని చెత్తబండి మైకులో రికార్డు చేయించి తెల్లవారుతుండగా వీధంతా తిప్పించారు. అయితే అదే మైకులో 'తడి చెత్త, పొడి చెత్త వేరు చేయండి' అన్న పాట కూడా ఉండటం వల్ల, కోడి రెండు కూతలు కూసి, పారిశుద్ధ్యం మీద ఉపన్యాసం ఇచ్చి, మళ్ళీ కూసేది.

ఎద్దులకి టెండరు పిలిచాం. వేములబండ అనే పల్లెలో ఒక జత దొరికింది. ఆ పల్లె దూరం కావడంతో, నడిపిస్తే ఎద్దులు అలిసిపోతాయని లారీలో ఎక్కించి తెచ్చేవాళ్ళం. ఊరి బయట దింపి, బండికి కట్టి, కమలాకర్ గారి ఇంటి ముందు నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి, మళ్ళీ లారీ ఎక్కించేవాళ్ళం. లారీ డీజిలు 'గ్రామీణ రవాణా' పద్దు కింద రాసేవాణ్ణి.

ఇక బావి. ఆ వీధి చివర పూడిపోయిన బావి ఒకటుంది. పూడిక తీయించి, గిలక బిగించాం. ప్రతివలస పౌరులచేత ఏ పనీ బలవంతంగా చేయించరాదని నిబంధన. అందుకని కమలాకర్ దంపతులు అందులో స్వచ్ఛందంగా నీళ్ళు తోడుకోవాలి. ఇంట్లో కుళాయి లేదు గనక వాళ్ళు స్వచ్ఛందంగానే తోడుకున్నారు.

కానీ బావి దగ్గర వాళ్ళిద్దరే ఉంటే అనుభూతి పండదట. చుట్టూ ఆడవాళ్ళు బిందెలతో చేరి కబుర్లు చెప్పుకోవాలట. నిబంధనల ప్రకారం ఆ బాధ్యత 'మూలనివాసులది'. ఆ వీధిలో మూలనివాసుల్లో మొదటి ఇల్లు సుబ్బరత్తమ్మది. భర్త పోయాక ఊరగాయల వ్యాపారం పెట్టుకుని నిలదొక్కుకున్న మనిషి. నేను వెళ్ళి విషయం చెప్పాను.

"ఏందయ్యా యల్లమందా, మా ఇంట్లో మోటారుంటే నేను బాయికాడికి ఎందుకు రావాల?"

"నీళ్ళ కోసం కాదు సుబ్బరత్తమ్మా. కబుర్ల కోసం."

"ఏం కబుర్లు?"

"మామూలు కబుర్లే. కోడళ్ళ మీద, అత్తల మీద."

"నాకు కోడలూ లేదు, అత్తా లేదు. కమిషనర్ మీద చెప్పనా?"

దానికి నిబంధనల్లో అవకాశం లేదని చెప్పాను. మొత్తానికి వీధిలో ఆడవాళ్ళందరికీ వంతులు వేశాం. వాళ్ళు ఇంట్లో మోటారుతో పట్టిన నీళ్ళు బిందెల్లో తెచ్చి, బావి దగ్గర కాసేపు నిలబడి, అవే నీళ్ళు ఇంటికి మోసుకుపోయేవాళ్ళు. సుబ్బరత్తమ్మ మోకాళ్ళ నొప్పుల మనిషి. ఆమె ఖాళీ బిందె తెచ్చేది. పరాంకుశరావు గారు అది గమనించి నిండు బిందే తేవాలని హెచ్చరించారు.

కొన్నాళ్ళకి కమలాకర్ ఆఫీసుకి వచ్చాడు. కళ్ళ కింద నలుపు హైదరాబాదు నుంచి వచ్చినప్పటికన్నా ఎక్కువగా ఉంది.

"సార్, మాకు కుళాయి కావాలి. ఇంటర్నెట్ తీగ ఎవరో కోసేశారు, అది కావాలి. నా ఉద్యోగం పోయేట్టుంది. ఆ కోడిని కాస్త ఆలస్యంగా కుయ్యమనండి."

పరాంకుశరావు గారు ఎంతో ఆప్యాయంగా ఆయన చెయ్యి పట్టుకున్నారు. "కమలాకర్ గారూ, ఇది మీరు మాట్లాడటం లేదు. మీలో మిగిలిపోయిన నగరం మాట్లాడుతోంది. నగర వాసన పోయేదాకా ఇలాంటి కోరికలు పుట్టడం సహజమని మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. వాటిని అనుభూతి అధికారి ప్రేమతో తిరస్కరించవలెను. యల్లమందా!"

"కుదరదు సార్" అన్నాను, వీలైనంత ప్రేమగా.

"ఇంటర్నెట్ తీగ ఎందుకు కోశారండీ?"

"ఆకాశ దర్శనానికి అడ్డం వస్తోంది" అన్నారు పరాంకుశరావు గారు.

ఆ రోజు నుంచి కమలాకర్ పొద్దున్నే లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, రైల్వే గేటు దగ్గరి టీ బంకుకి పోయి అక్కడే ఉద్యోగం చేసుకునేవాడు. మీటింగులో ఉండగా గూడ్సు బండి వస్తే అవతలివాళ్ళని ఆగమని చెప్పేవాడు.

ఇంత జరుగుతున్నా సుహాసిని మాత్రం తను చెప్పిన పని చేసింది. ముందుగదిలో బల్లలు వేసింది. హైదరాబాదు నుంచి మెషిన్లు తెప్పించుకుంది. గోడకి తాళ్ళు, గిలకలు బిగించింది. మొదట వచ్చినవాడు దర్జీ మస్తాన్‌వలి. పక్షవాతంతో అతని కుడిచెయ్యి పడిపోయింది. సగం కుట్టిన చొక్కాలు దుకాణంలో అలాగే వేలాడుతున్నాయి. ఒంగోలు తిరిగి తిరిగి మానుకున్నాడు. అతను ఆ చేతిని ఎడమచేత్తో పట్టుకుని, వేరే ఎవరిదో వస్తువు మోస్తున్నట్టు తెచ్చేవాడు.

నేను రోజూ అనుభూతి తనిఖీకి వెళ్ళేవాణ్ణి గనక చూస్తూనే ఉన్నాను. మొదట్లో ఆ చేతిలో రబ్బరు బంతి పెడితే జారిపోయేది. సుహాసిని తీసి మళ్ళీ పెట్టేది. అది ఎన్నిసార్లు జారినా ఆమె మొహంలో విసుగు కనపడేది కాదు. వానలు మొదలయ్యేనాటికి బంతి జారడం ఆగింది. ఒక రోజు మస్తాన్‌వలి బొటనవేలు కదిలింది. అతను నావైపు తిరిగి, "సూసినావా అన్నా? నేను గాదు కదిలిచ్చింది, అదే కదిలింది" అన్నాడు. అని ఏడ్చాడు.

సుబ్బరత్తమ్మ మోకాళ్ళు కూడా వంగడం మొదలుపెట్టాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోల్లో జనం రాసాగారు. వీధంతా సందడి. పరాంకుశరావు గారు ఈ సంగతి తెలిసి వెంటనే నన్ను పిలిపించారు.

"ప్రత్యేక వైద్య సదుపాయమా? మెషిన్లా? యల్లమందా, గ్రామీణత సూచీ ఏమైపోతుందో తెలుసా?"

ఆయన స్వయంగా వచ్చారు. గదిలోకి కాలు పెట్టకుండా గుమ్మంలోనే నిలబడి మాట్లాడారు.

"అమ్మా, మీ సేవాభావాన్ని ఈ కార్యాలయం మెచ్చుకుంటోంది. అయితే ఫిజియోథెరపీ నగర సదుపాయాల జాబితాలోకి వస్తుంది. బోర్డు మీద 'ఇక్కడ నాటు కట్టు కట్టబడును' అని రాయించుకుంటే మాకు ఎట్టి అభ్యంతరమూ ఉండదు."

"నాకు కట్టు కట్టడం రాదండీ. నేను చదువుకున్నది వేరు."

"డిగ్రీ ఉంటే ఉండనివ్వండి. పైకి కనపడకుండా చూసుకోండి."

"ఇతని చెయ్యి ఇప్పుడిప్పుడే తిరుగుతోంది. మధ్యలో ఆపితే మళ్ళీ బిగుసుకుపోతుంది." మస్తాన్‌వలిని చూపించింది.

పరాంకుశరావు గారు చూశారు. ఒక్క క్షణం ఆగారు కూడా. నేనది చూశాను. తర్వాత ఆయనకి కుర్చీ గుర్తొచ్చింది కాబోలు, "యల్లమందా, తగు చర్య తీసుకో" అని వెళ్ళిపోయారు.

తగు చర్య అంటే ముందుగది తలుపుకి లక్క సీలు. నేనే వేశాను. నేను కొవ్వొత్తి పట్టుకుని లక్క కరిగిస్తుంటే, మస్తాన్‌వలి ఆ రబ్బరు బంతిని జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. సుహాసిని లోపలికి వెళ్ళింది. కమలాకర్‌తో అన్న మాట నాకు వినపడింది. "పెట్టెలు సర్దుకుందామండీ. అక్కడ కనీసం లిఫ్టన్నా ఉంది."

ఆ సాయంత్రం బావి దగ్గర సుబ్బరత్తమ్మ నన్ను నిలేసింది. మోకాలు మళ్ళీ పట్టేసిందట.

"ఆ పిల్ల మానాన ఆ పిల్ల పని చేసుకుంటంటే మీకేం పోయింది? నేనింక రేపట్నుంచి ఈ బిందె మొయ్యను. ఏం జేసుకుంటావో జేసుకో."

"మూలనివాసులు మొయ్యాల్సిందే సుబ్బరత్తమ్మా. రూలు."

"మరి కొత్తగా వచ్చిన ఆ మొగుడూపెళ్ళాలకి వంతు ఎందుకు ఎయ్యలా?"

"వాళ్ళు మహానగరం నుంచి వచ్చినవాళ్ళు. మహానగరం నుంచి సామానుతో వచ్చి ఇక్కడే ఉంటానన్న ప్రతివాళ్ళూ ప్రతివలస పౌరులే. వాళ్ళకి ఈ పనులు చెప్పకూడదు."

"మహానగరంలో ఎంతకాలం ఉండాల?"

నాకు సందేహం వచ్చింది. ఆఫీసుకి పోయి మార్గదర్శకాలు మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఎంతకాలం ఉండాలో ఎక్కడా రాయలేదు. ఒక్క పూట ఉన్నా మనిషికి విశ్రాంతి అవసరమేనని పైవాళ్ళ ఉద్దేశం కాబోలు. ఉన్న నిబంధన ఉన్నట్టు చెప్పడం నా విధి గనక సుబ్బరత్తమ్మకి చెప్పాను.

ఆమె ఆ వారమే హైదరాబాదు బస్సెక్కింది. బస్టాండులో దిగి, టీ తాగి, అదే బస్సులో తిరిగొచ్చింది. పచ్చడి సీసాల సంచి, దుప్పటి చంకన పెట్టుకుని నేరుగా మా ఆఫీసుకొచ్చి, కమిషనర్ గారి ముందు నిలబడింది.

"నేను హైదరాబాదు నుంచొచ్చిండా. ఈడనే ఉంటా. నాకు అనుభూతి అధికారిని ఇయ్యండి."

పరాంకుశరావు గారు మార్గదర్శకాలు ముందుకీ వెనక్కీ తిరగేశారు. ఆయన నిబంధనలకి భయపడే మనిషి. పైగా ఆయన బుర్రలో వేరే లెక్క నడిచింది. ఒక ప్రతివలస కుటుంబం ఉన్న ఊరికన్నా రెండు ఉన్న ఊరు గొప్పది కదా! మంజూరు చేశారు.

మర్నాడు సుబ్బరత్తమ్మ బావి గట్టు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, మిగతా ఆడవాళ్ళు బిందెలు మోస్తుంటే అనుభూతి పొందింది. "కబుర్లు ఇంకాస్త గట్టిగా చెప్పండే, నాకు ఇనపడలా" అంది.

ఇక వీధి వీధంతా కదిలింది. బేకరీవాడు వెళ్ళొచ్చాడు. జిమ్ము కుర్రాళ్ళు గుంపుగా వెళ్ళొచ్చారు. మస్తాన్‌వలి చెయ్యి మెడకి వేలాడగట్టుకుని వెళ్ళొచ్చాడు. మా ఊరి నుంచి హైదరాబాదుకి స్పెషల్ బస్సులు వేయాల్సి వచ్చింది. పోయేటప్పుడు చిలకలమిట్టవాళ్ళుగా పోయి, వచ్చేటప్పుడు నగరవాసులుగా దిగేవాళ్ళు. లారీలో ఎద్దులతో వచ్చే బండివాడు కూడా ఒక రోజు కనపడలేదు. ఎద్దుల్ని చెట్టుకి కట్టేసి బస్సెక్కాడని తెలిసింది.

పరాంకుశరావు గారు రోజూ రాష్ట్ర కార్యాలయానికి అంకెలు పంపి పొంగిపోయేవారు. రాష్ట్రంలో ఏ పట్టణానికీ ఇంతమంది రాలేదు. ఈ వింత చూడటానికి పథకం డైరెక్టర్ మృణాళినీదేవి గారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. అప్పుడు కూర్చుని లెక్క చూసుకుంటే, ఊళ్ళో మూలనివాసులుగా ఇద్దరమే మిగిలాం. ముందస్తు అనుమతి లేకుండా ఊరు దాటకూడదు గనక ఆయన, నాకు సెలవు మంజూరు చేయలేదు గనక నేను.

"ఇప్పుడు బావి దగ్గర ఎవరుంటారయ్యా?" అన్నారు.

"నిబంధనల ప్రకారం మనమే సార్."

డైరెక్టర్ గారు వచ్చిన రోజు ఊరంతా బావి చుట్టూ కుర్చీలేసుకుని కూర్చుంది. సుహాసిని, కమలాకర్ కూడా వచ్చారు. వాళ్ళ పెట్టెలు అప్పటికే సర్ది వరండాలో ఉన్నాయి. సాయంత్రం బస్సుకి టికెట్లు తీసుకున్నారు. పరాంకుశరావు గారు పంచె కట్టి, తలపాగా చుట్టి, చేద అందుకున్నారు. నేను పక్కన బిందె పట్టుకుని కబుర్లు చెప్పాలి. ఏం చెప్పాలో తోచక, "మీ ఇంట్లో అంతా కులాసానా సార్?" అన్నాను.

డైరెక్టర్ గారు కారు దిగి, ముందు వరసలో కూర్చున్న సుబ్బరత్తమ్మని పలకరించారు.

"ఎక్కడి నుంచి వచ్చారమ్మా?"

"హైదరాబాదు."

"హైదరాబాదులో ఎక్కడ?"

"బస్టాండు."

డైరెక్టర్ గారు పక్కకి తిరిగి బేకరీవాణ్ణి అడిగారు. అతనిదీ బస్టాండే. తర్వాత ఎవరినీ అడగలేదు.

సరిగ్గా అప్పుడే పరాంకుశరావు గారు నిండు చేదని గట్టిగా లాగారు. చేద పైకొచ్చింది. ఆయన మాత్రం పైకి లేవలేదు. వంగినవారు వంగినట్టే ఉండిపోయారు.

"ఎంత వినయం!" అన్నారు డైరెక్టర్ గారు, తిరిగి నమస్కారం పెడుతూ.

"వినయం కాదు మేడమ్, నడుము" అన్నారాయన నేల వైపు చూస్తూ. ఆ వెంటనే వేసిన కేక రైల్వే గేటు దాకా వినపడిందట.

నలుగురం పట్టుకుని సుహాసిని ఇంటికి నడిపించాం. గుమ్మం ముందు ఆగిపోయాం. ముందుగది తలుపు మీద నేను వేసిన లక్క సీలు.

"తియ్యవయ్యా!" అన్నారు పరాంకుశరావు గారు.

"మీ లిఖితపూర్వక ఉత్తర్వు ఉండాలి సార్. లేకపోతే నా ఉద్యోగం పోతుంది."

"రాయి! రాసి చావు!"

రాశాను. సంతకానికి బల్ల లేదు. ఆయన నిటారుగా లేవలేరు. నేనే ఆయన ముందు వంగాను. నా వీపు మీద కాగితం పెట్టి సంతకం చేశారు. నా సర్వీసులో అంత వేగంగా కదిలిన ఫైలు ఇంకొకటి లేదు.

సీలు ఊడగానే మస్తాన్‌వలి అందరికన్నా ముందు లోపలికి పోయి, తన బల్ల మీద కూర్చున్నాడు. సుహాసిని కమిషనర్ గారిని మెల్లగా పక్క బల్ల మీద పడుకోబెట్టింది. నడుము ఎక్కడ పట్టిందో వేళ్ళతో వెతికింది, వేడి కాపడం పెట్టింది, కాళ్ళ కింద దిండ్లు సర్దింది. ఆ తర్వాత ఆయన్ని వదిలేసి మస్తాన్‌వలి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"అమ్మా, నేనింకా ఇక్కడే ఉన్నాను" అన్నారు పరాంకుశరావు గారు బోర్లా పడుకునే.

"మీది సాయంత్రానికి సర్దుకుంటుందండీ. ఈయనది నెలల పని. మీరు ఆపేయించిన రోజు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి."

మస్తాన్‌వలి వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. ఆమె ఒక్కొక్క వేలూ విప్పుతుంటే అతను పళ్ళ బిగువున ఓర్చుకుంటున్నాడు. పరాంకుశరావు గారు తల పక్కకి తిప్పి, చాలాసేపు ఆ చేతినే చూస్తూ పడుకున్నారు. ఏమనుకున్నారో నాకు తెలియదు. కాసేపటికి, "యల్లమందా, వీళ్ళ బస్సు టికెట్లు వాపసు చేయించు" అన్నారు. అది మార్గదర్శకాల్లో లేదు.

డైరెక్టర్ గారు గుమ్మంలో నిలబడి ఇదంతా చూశారు. నన్ను పిలిచి, "ఈ ఊరి మూలనివాసులెవరు?" అని అడిగారు. బల్ల మీద ఉన్నాయన్ని చూపించాను. తర్వాత నన్ను నేను చూపించుకున్నాను. ఆవిడ కారెక్కి వెళ్ళిపోయారు.

కొన్నాళ్ళకి ఉత్తర్వు వచ్చింది. 'చిలకలమిట్ట యందు గ్రామీణ జనాభా అనదగినది లేనందున, సదరు పట్టణమును హైదరాబాదు బస్టాండు పొడిగింపుగా పరిగణించి, పథకము నుండి తొలగించడమైనది.' పరాంకుశరావు గారికి రాష్ట్ర కార్యాలయంలో కుర్చీ రాలేదు. డాక్టర్లు కూడా ఆయన్ని ఎక్కువసేపు కుర్చీలో కూర్చోవద్దన్నారు. ఎద్దులు చివరిసారి లారీ ఎక్కి వేములబండ వెళ్ళిపోయాయి. కమలాకర్ వాళ్ళింటికి కుళాయి బిగించాం, తీగ కలిపించాం. మస్తాన్‌వలి ఇంకా మిషన్ తొక్కడం లేదు గానీ, గుండీలు కుడుతున్నాడు. సుహాసిని గది ముందు ఆటోలు ఎప్పట్లాగే ఆగుతున్నాయి. భార్యాభర్తలిద్దరూ సాయంత్రం పూట కాలవ గట్టు మీద మాట్లాడుకుంటూ నడవడం నేను చాలాసార్లు చూశాను.

మొన్నీమధ్య ఆఫీసులో ఉండగా నాకు ఫోన్ వచ్చింది. మృణాళినీదేవి గారు! నేను లేచి నిలబడ్డాను.

"యల్లమంద గారూ, ఇది ఆఫీసు విషయం కాదు. నేను వచ్చే నెల రిటైరవుతున్నాను. హైదరాబాదులో ఇల్లుంది గానీ, ఆ రొద నా వల్ల కావడం లేదు. మీ ఊళ్ళో అద్దెకి ఏదైనా ఇల్లు దొరుకుతుందా? నాకు మెడ నొప్పి కూడా ఉంది. ఆ అమ్మాయి గదికి దగ్గరలో అయితే మరీ మంచిది."

"తప్పకుండా మేడమ్. సుబ్బరత్తమ్మ గారి మేడ మీద భాగం ఖాళీగా ఉంది. అయితే తమరు హైదరాబాదు నుంచి వస్తే ప్రతివలస కుటుంబం కింద రాయాల్సి ఉంటుంది. కొత్తగా ఒక్క కుటుంబం వచ్చినా పథకం మా ఊరికి మళ్ళీ వర్తిస్తుందని మార్గదర్శకాల్లో ఉంది. అనుభూతి అధికారిని నియమించి, తగిన ఏర్పాట్లన్నీ చేయిస్తాం."

నేను రిజిస్టరు తెరిచి పెన్ను అందుకున్నాను.

"వద్దు నాయనా" అన్నారు మృణాళినీదేవి గారు, గొంతు బాగా తగ్గించి. "నేను ఒంగోలు నుంచి వస్తున్నట్టు రాసుకో."